పక్క గొట్టం

పోయిన భాగంలో జయలక్ష్మమ్మను నంద్యాల ల్యాబులో, గుప్పిట్లో వక్కముక్కతో వదిలిపెట్టాం. ఆ వక్క ఏమైందో చెప్పేముందు, ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. మిగిలినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఆళ్లగడ్డలో నల్లరేగడి పొలాలున్న ఆదినారాయణకూ, నంద్యాలలో చర్చి బడిలో పాఠాలు చెప్పే యోహానుకూ ఒకే రోగం వచ్చింది, మూత్రపిండంలో క్యాన్సరు. ఎనభైమూడు వేసవిలో కర్నూలు ఆసుపత్రిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. ఇద్దరికీ చెడిన మూత్రపిండం తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు సర్జను ఇద్దరికీ ఒకటే చెప్పాడు. "గడ్డ తీసేశాం. వేరు మిగిలిందో లేదో కంటికి కనపడదు. నెలనెలా రక్తం పరీక్ష చేయించుకోండి. జరగబోయేది రక్తం కొంత ముందుగా చెబుతుంది. అంతా చెబుతుందని మాత్రం అనుకోవద్దు." ఆ చివరిమాట రెండు కుటుంబాల్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

అప్పటినుంచి రెండు జంటలూ నెలకోసారి నంద్యాలలో ఒక చిన్న ల్యాబు దగ్గర కలుసుకుంటున్నాయి. అక్కడి టెక్నీషియను కరుణాకర్ రక్తం తీసి, సన్నటి పొడుగాటి గాజుగొట్టంలో నింపి, ఎవరి గొట్టం వాళ్ళ చెక్క స్టాండులో గంటసేపు నిటారుగా నిలబెడతాడు. ఎర్రది మెల్లగా కిందికి దిగుతుంది, పైన పసుపుపచ్చ నీరు తేలుతుంది. గంటలో ఎన్ని గీతలు దిగితే అంత లెక్క. కాగితం మీద దాన్ని ఈఎస్ఆర్ అంటారు. తక్కువ దిగితే మంచిది. ఎక్కువ దిగితే లోపల ఏదో ఉన్నట్టు.

ఇది తెలియక మొదటి నెలలో జయలక్ష్మమ్మ పరువు పోగొట్టుకుంది. భర్త ఆదినారాయణకు తొంభై, యోహానుకు నలభై అని వినగానే బడిలో మార్కులనుకుంది పాపం. "మా ఆయనకే ఎక్కువొచ్చినాయి" అని వరండాలో పదిమందికీ వినబడేట్టు చెప్పుకుంది. మైసూరుపాకు తెప్పించబోయింది కూడా. అప్పుడు యోహాను భార్య రూతు ఆమెను పక్కకు పిలిచి, మెల్లగా, నొప్పి తెలియకుండా అసలు సంగతి చెప్పింది. రూతు కూడా టీచరే, ఒకటో తరగతికి చెబుతుంది. ఆ మెల్లగా చెప్పడాన్నే జయలక్ష్మమ్మ క్షమించలేకపోయింది. పకపకా నవ్వి ఉంటే తిట్టిపారేసి మరిచిపోయేది.

ఆ తర్వాత నెలనెలా యోహాను లెక్క దిగుతూ పద్నాలుగుకు వచ్చింది. ఆదినారాయణది డెబ్బైకీ తొంభైకీ మధ్యనే వేలాడింది. కుట్ల దగ్గర చీము పట్టింది కాబట్టి దానివల్ల కావచ్చు, రోగం వల్లా కావచ్చు అన్నాడు నంద్యాల డాక్టరు. 'కావచ్చు' అనే మాటను తలకింద పెట్టుకుని ఏ ఇల్లాలు నిద్రపోగలదు? జయలక్ష్మమ్మకు కునుకు కరువైంది. ఆమె దిగులుపడిందని మీరనుకోవచ్చు. పడింది, కాదనను. కానీ దిగులు ఒక పాలైతే కడుపుమంట మూడు పాళ్ళు. తరాలుగా నెయ్యీ పాలూ తాగిన ఇంటి నెత్తురు ఇట్లా ఉండడమేమిటి, సంకటి తిని పెరిగిన ఆ బడి అయ్యవారి నెత్తురు అంత శుభ్రంగా ఉండడమేమిటి? తన దేవుడి మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

ఒకరోజు కరుణాకర్ ఎవరినో గద్దిస్తుంటే ఆమె విన్నది. "బల్లకు ఆనుకోవాకప్పా. గొట్టం రవ్వంత వాలినా రక్తం బిరబిరా దిగుతాది. లెక్క తప్పుతాది." ఆ మాట లోపల ఎక్కడో దాచుకుంది. ఈ నెల కరుణాకర్ టీకి బయటకు పోయిన సందులో యోహాను పేరున్న స్టాండు కాలి కింద తన సంచిలోని వక్కముక్క దూర్చింది. గొట్టం పక్కకు వాలింది. ఆమె బయటకొచ్చి వరండాలో బుద్ధిమంతురాలిలా కూర్చుంది. ఆ వక్క ఎక్కడికి పోయిందో తెలిసింది కాబట్టి, ఇక మీకూ, మొదటినుంచి చదువుతున్నవాళ్ళకూ తేడా లేదు.

యోహాను లెక్క యాభై ఎనిమిది వచ్చింది.

కరుణాకర్ గుమ్మంలో నిలబడి ఆ అంకె చదివినప్పుడు రూతు ముఖం ఎలా పాలిపోయిందో జయలక్ష్మమ్మ కళ్ళారా చూసింది. చూసి తృప్తిపడింది. ఆ రోజు ఫలితం రావడం ఎందుకో బాగా ఆలస్యమైంది, ఎదురుచూసీ చూసీ ఆమె నడుము పట్టేసింది. ఆ అంకె చెవినబడగానే నడుంనొప్పి కూడా పోయింది. ఇంకాసేపు అక్కడుంటే తన ముఖంలో ఏం బయటపడుతుందోనని భయమేసి, వరండా చివర బెంచీమీద ఎవరితోనో పంటల గురించి మాట్లాడుతున్న భర్త దగ్గరికి పోయి, "లెయ్, బస్సు పోతాంది" అని తొందరపెట్టింది.

బస్టాండుకు పోయే దారిలో ఆదినారాయణ అడిగాడు.

"యోహాను సారుకు ఎంతొచ్చింది?"

"బాగనే ఉన్నాదంట."

"మంచిది" అన్నాడు ఆయన. తన లెక్క అడగలేదు. ఎప్పుడూ అడగడు. "నాకు చెప్పాకు, నువ్వే వినుకో" అని మొదట్లోనే చెప్పేశాడు.

ఆ వారం జయలక్ష్మమ్మ హాయిగా నిద్రపోయింది. గుత్తివంకాయ చేసింది, జొన్నరొట్టెలు పొంగేట్టు కాల్చింది, శనక్కాయలు ఒలుస్తూ కూనిరాగం తీసింది. ఎదురింటి బాలమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏందక్కా, ముఖం కళకళలాడతాంది, అన్నకు నయమైందా?" అని అడిగింది. "అవుతాది లే" అన్నది. నిజానికి అన్న సంగతి ఆమె తలపుల్లోనే లేదు. కుట్ల దగ్గర చీము ఆరిపోయి, కట్టు లేకుండానే ఆయన తలమీద నీళ్ళు కుమ్మరించుకుంటున్నాడు. వీపు రుద్దుతూ అది చూసింది కూడా, చూసి ఊరుకుంది. పక్కవాళ్ళకు చెడితే మనకు బాగయినట్టే అనిపించే జబ్బు ఒకటుంది. దానికి కరుణాకర్ దగ్గర పరీక్ష లేదు.

ఆదివారం చర్చి ప్రార్థన అయిపోయాక రూతు ఆళ్లగడ్డకు వచ్చింది.

జయలక్ష్మమ్మ వాకిట్లో శనక్కాయలు ఎండబోసి కాకుల్ని తోలుతోంది. చర్చికి కట్టుకున్న తెల్లచీరతో, చేతిలో గుడ్డసంచితో రూతు గేటు దగ్గర నిలబడేసరికి ఆమె కాకుల్ని తోలడం ఆపేసింది. వక్క సంగతి తెలిసిపోయిందా? రూతు ముఖంలో కోపం వెతికింది. లేదు. కళ్ళకింద నల్లటి చారలు తప్ప ఏమీ లేవు.

"ఏం రూతమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చినావ్. రా, ఈడ కూచో" అని వసారాలో చాప వేసింది.

లోపలికి పిలవలేదు. చర్చి మనుషుల్ని ఆ ఇంట్లో గడప దాటించిన రోజు లేదు. వాళ్ళకు కాఫీ ఇచ్చే గ్లాసు కూడా వేరే, వసారాలో గూట్లో బోర్లించి ఉంటుంది. రూతుకు ఇదేమీ కొత్త కాదు. చాపమీద కూర్చుని, ఆ గ్లాసులోనే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

"సారు ఎట్లుండాడు?" అడిగింది జయలక్ష్మమ్మ. గొంతులో జాలి పలికించడానికి కాస్త కష్టపడింది.

"అన్నం తినడం మానేసినాడక్కా. గోడతట్టు తిరిగి పండుకుంటాడు. పిల్లోళ్ళ పరీక్ష పేపర్లు దిద్దమని ఇస్తే పక్కన పెట్టేసినాడు. డాక్టరు రాయవేలూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. ఛాతీ ఫోటో తీస్తారంట, కావాలంటే గడ్డ మాడేట్టు కరెంటు పెడతారంట. మంగళవారం పోవాల. ఈయన రానంటాడు."

"ఎందుకంట?"

"రక్తం చెప్పేసింది గదా, ఇంగ ఆడికి పోయి ఏం వినాల అంటాడు. మా నాయన సమాధి పక్కన చోటుంది, ఆడ పెట్టండి అని కూడా చెప్పినాడు."

 తన వక్కముక్క ఇంతపని చేస్తుందని జయలక్ష్మమ్మ అనుకోలేదు. ఒక్క నెల రూతు కూడా తనలాగా ఏడుస్తూ ఇంటికి పోతే చాలనుకుంది, వచ్చే నెల అంకె ఎలాగూ మళ్ళీ దిగుతుంది కదా. ఇప్పుడు లేని రోగానికి ఆ మనిషికి కరెంటు పెడతారా? అంతకుముందే తిండి మాని పోతాడా? చెప్పేద్దామా అని ఒక్కక్షణం అనిపించింది. కానీ "దేవుడున్నాడు లే" అన్నది.

"ఒకటి అడగాలనే వచ్చినాక్కా" అంది రూతు. "ఇన్ని నెలలు అన్న లెక్క దిగకపాయె. అయినా ఆయన్ను ఎట్ల నిలబెట్టినావ్ నువ్వు? తింటాడు, చేనికాడికి పోతాడు, ల్యాబు కాడ పదిమందినీ నవ్విస్తాడు. మా ఆయన ఒక్క అంకెకే కూలబడిపాయె. ఆ విద్యేందో నాకు చెప్పు."

ఇది జయలక్ష్మమ్మ ఊహించని మాట. మొదటి నెల వరండాలో తనకు మార్కుల సంగతి విడమర్చి చెప్పిన టీచరమ్మ ఇప్పుడు తన చాపమీద కూర్చుని పాఠం చెప్పమంటోంది.  ఆమె స్తంభానికి ఆనుకుని కుదురుగా కూర్చుని, చెంగు సర్దుకుంది.

"ఆడది ముందర ఏడవకూడదు రూతమ్మా. మనం ఏడిస్తే వాళ్ళు జారిపోతారు. కారం తగ్గించు, ఒక రవ్వ నెయ్యి ఎక్కువ వెయ్యి. లెక్క గిక్క ఆయన చెవిలో పడనీయాకు. నన్ను చూడు, ఎంత దిగులున్నా పైకి..."

ఇలా చాలా చెప్పింది. అందులో ఆమె నిజంగా చేసింది నెయ్యి వెయ్యడం ఒక్కటే. ఆదినారాయణ నవ్వుతూ తిరగడంలో ఆమె ప్రమేయం ఏమీ లేదని, ఆయన పుట్టుకే అంతని ఆమెకు తెలుసు. అయినా రూతు తలాడిస్తూ వింటుంటే మాటలు వాటంతటవే వచ్చాయి. నెలల తరబడి పడ్డ మంటకు ఇంత మంచి మందు దొరుకుతుందనుకోలేదు. ఇంకాసేపు చెప్పేదే, అంతలో ఆదినారాయణ చేనినుంచి వచ్చాడు.

"రూతమ్మా, ఆడ కింద కూచున్నావేంది? లోపలికి రాపో."

భార్య ఏదో అనబోతే వినిపించుకోలేదు. రూతును లోపలికి తీసుకుపోయి తన పేము కుర్చీలోనే కూర్చోబెట్టాడు, తాను మంచంమీద కూర్చున్నాడు. ఆ కుర్చీలో జయలక్ష్మమ్మ కూడా ఎప్పుడూ కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"సారు బాగుండాడంట గదా. మొన్న మాట్లాడకుండానే వచ్చేస్తిమి."

రూతు తలెత్తి జయలక్ష్మమ్మ వైపు చూసింది. "బాగుండేదేముందన్నా. యాభై ఎనిమిదొచ్చింది. రాయవేలూరు పొమ్మన్నారు."

ఆదినారాయణ భార్య వైపు తిరిగాడు.

"బాగనే ఉన్నాదంటివే?"

"నువ్వు బాధపడతావని చెప్పలే" అన్నది జయలక్ష్మమ్మ.

ఆయన భుజంమీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. మొదట జయలక్ష్మమ్మకు అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన ఏడవగా చూసింది లేదు. అందుకని దగ్గొస్తోందేమో అనుకుంది.

"ఆపరేషనైన పొద్దు నేను అమ్మా అమ్మా అని అరుస్తాంటే, తన కుట్లు చేత్తో పట్టుకుని లేచొచ్చినాడమ్మా" అన్నాడు ఆదినారాయణ, తువ్వాలు తీయకుండానే. "నా మంచంమీద కూచుని తెల్లార్లూ చెయ్యి పట్టుకున్నాడు. నాకు తోడబుట్టినోడు లేడు. మంగళవారం నేనూ వస్తా. రానంటే ఎత్తుకునైనా పోతా."

జయలక్ష్మమ్మ చూస్తూ నిలబడింది. క్యాన్సరని డాక్టరు చెప్పిన రోజు ఈయన ఏడవలేదు, "ఇంగ పన్ను కట్టే పన్లేదు" అని జోకేశాడు. ఆపరేషనుకు పోయే ముందు తాను కాళ్ళమీద పడి ఏడిస్తే, "లెయ్, జనం చూస్తాండారు" అన్నాడు. వీధిలో నవ్వినవాడు, ల్యాబులో నవ్వించినవాడు, ఇంట్లో తన దగ్గర ఏనాడూ మనసు విప్పనివాడు, పక్క మంచం మనిషి కోసం కుమిలిపోతున్నాడు. అంటే ఆ కన్నీళ్ళు ఆయనలో ఉన్నాయి. తనకోసం బయటకు రాలేదు, అంతే. గుండెల్లో భగ్గుమంది. ల్యాబులో గొట్టాల ముందు నిలబడ్డప్పుడు కూడా ఇంత మంట పుట్టలేదు.

ఇక్కడ జయలక్ష్మమ్మ పశ్చాత్తాపంతో నోరు తెరిచిందని రాస్తే మీరు మెచ్చుకుంటారు. అది అబద్ధమవుతుంది. ఇంకొకరి కోసం కారుతున్న ఆ కన్నీళ్ళు ఆగాలి, ఆమెకు కావలసింది అదొక్కటే.

"ఏడ్వాకు. ఆ లెక్క తప్పు."

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"గొట్టం నేనే వాల్చినా. ల్యాబు ఆయప్ప టీకి పోయినప్పుడు సారు స్టాండు కింద వక్క పెట్టినా. వాలితే ఎక్కువ దిగుతాదని ఆయప్పే చెప్తాంటే విన్నా. సారుకేం లేదు. మునుపటి మాదిరి పద్నాలుగే ఉంటాది."

బయట కాకులు శనక్కాయల మీద పడ్డాయి. తోలేవాళ్ళు లేరు.

"ఎందుకు?" అన్నాడు ఆదినారాయణ. తువ్వాలు ఒళ్ళోకి జారింది.

"ఎందుకేంది? నెలనెలా వాళ్ళు నవ్వుకుంటా ఇంటికి పోతాంటే నేను ఏడ్చుకుంటా పోతాంటి. నువ్వు ఒకనాడన్నా చూసినావా? వాళ్ళాయన నెత్తురు బాగుండాల, నా మొగునిది కుళ్ళిపోవాల్నా? ఒక్క నెలన్నా ఆయమ్మ నా మాదిరి పోనీ అనుకున్నా. అనుకున్నా, చేసినా."

ఆయన లేచాడు. కొడతాడనుకుని జయలక్ష్మమ్మ కళ్ళు మూసుకుంది. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన ఆమె పక్కనుంచి పోయి, కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు.

ఆమె రూతు వైపు తిరిగింది. లెక్క తప్పని తెలిసిన మనిషి ఎగిరి గంతెయ్యాలి, లేదా మీదపడి జుట్టు పట్టుకోవాలి. రూతు రెండూ చెయ్యలేదు. పేము కుర్చీలో అలాగే కూర్చుని ఉంది.

"ఆ వక్క నీదా అక్కా?" అన్నది.

"నీకెట్ల తెలుసు?"

"కరుణాకర్ చూసినాడు. టీ తాగి వస్తూనే స్టాండు వాలిందని కనిపెట్టినాడు. యా ముసిలోళ్ళ నోట్లోంచో పడిన వక్క కింద ఇరుక్కునింది అనుకున్నాడు. ఆ గొట్టం పారబోసి, మిగిలిన రక్తంతో ఇంకోటి నింపి మళ్ళా గంట నిలబెట్టినాడు. అందుకే ఆ పొద్దు అంత ఆలస్యమైంది. యాభై ఎనిమిది ఆ రెండోసారిదే."

జయలక్ష్మమ్మ భర్త వీపు వైపు చూసింది.

"హిమోగ్లోబిను కూడా తగ్గింది. దాన్ని నీ వక్క తగ్గించలేదు గదా. నెల నుంచి పొడిదగ్గు. నేనే చూసీ చూడనట్టు ఉంటి" అంది రూతు. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు చెప్పినప్పుడు ఒక్క నిమిషం ఆశ పుట్టిందక్కా. తెలిసి తెలిసీ పుట్టింది."

చేసిన పాపం పారలేదు, చేసుకున్న ఒప్పుకోలు మిగిలింది. ఎవరి ముందు చులకన కాకూడదని ఇన్ని నెలలు కుమిలిందో ఆమె ముందే, భర్త ముందే, జయలక్ష్మమ్మ తన కుళ్ళు తానే తీసి పెట్టుకుంది. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. రూతు మాత్రం ఆమెనే చూస్తూ ఏదో ఆలోచిస్తోంది.

"నాతో నంద్యాలకు రా అక్కా" అంది చివరికి. "ఇప్పుడు చెప్పిన మాటే ఆయనకు చెప్పు. వక్క పెట్టినా, గొట్టం వాలింది అని. రెండోసారి నిలబెట్టిన సంగతి చెప్పాకు. లెక్క సరిగా లేదు, రాయవేలూరులో సరిగ్గా చూపించుకుందాం అంటే లేస్తాడు. రెండు ముద్దలు తింటాడు. రైలెక్కుతాడు."

"నువ్వే చెప్పు పో. నన్నెందుకు ఈడుస్తావ్?"

"నేను చెప్తే నమ్మడు. నువ్వట్ల చేసినావంటే అసలే నమ్మడు." రూతు సంచి చేతిలోకి తీసుకుంది. "నెలనెలా రిపోర్టులొస్తానే నువ్వు మొదట ఆయన లెక్కే అడుగుతావ్ గదా. ఆ తల్లి సొంత మొగుని కంటే ముందర నా గురించి అడుగుతాది చూడు, అంటాడు ఇంటికొచ్చి. దినాం ప్రార్థనలో నీ పేరు ఎత్తుతాడు."

ఇంత గట్టి దెబ్బ జయలక్ష్మమ్మ జన్మలో తినలేదు. తాను ఏ కడుపుమంటతో అడిగిందో ఆ మనిషి దాన్ని ప్రేమ అనుకున్నాడు. ఆమెను అంత మంచిదానిగా కన్నతల్లి కూడా అనుకోలేదు. ఇప్పుడు తానే పోయి, నేను అట్లాంటిదాన్ని కాను సారూ అని ఆయన ముఖం మీద చెప్పాలి.

"నేను పోను" అంది.

"పో" అన్నాడు ఆదినారాయణ, కిటికీవైపునుంచి ముఖం తిప్పకుండా. 

జయలక్ష్మమ్మ చీర కూడా మార్చుకోకుండా రూతు వెంట బస్సెక్కింది.  పత్తి మూటలతో బస్సు కిక్కిరిసి ఉంది, ఇద్దరూ ఒకే సీట్లో భుజాలు ఆనించుకుని కూర్చోక తప్పలేదు. ఏం చెప్పాలో, ఎట్లా మొదలుపెట్టాలో జయలక్ష్మమ్మ లోలోపల వల్లెవేసుకుంది. సారూ, మీరు నన్ను మంచిదాన్ననుకుంటిరి. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ మళ్ళీ మొదటికి వచ్చేది. రూతు ఒడిలో గుడ్డసంచిని రెండు చేతులతో పట్టుకుని ముందుకే చూస్తోంది. తనకంటే ఈమెకు ఎంత ఎక్కువ బరువుందో అని మొట్టమొదటిసారి జయలక్ష్మమ్మకు ఆమె మీద జాలి కలిగింది.

యోహాను ఇల్లు చర్చి వెనక రెండు గదులది. పొద్దు ఇంకా వాలలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్క స్టూలుమీద మూతపెట్టిన అన్నం గిన్నె పొద్దుటినుంచీ అలాగే ఉన్నట్టుంది. "ఎవరొచ్చినారో చూడు" అని రూతు అనగానే ఇటు తిరిగాడు. జయలక్ష్మమ్మను చూసి, పండుకుని మాట్లాడడం మర్యాద కాదని, చేతులు ఊని లేచి కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. నవ్వు మాత్రం అలాగే ఉంది.

"కూచోమ్మా. అంత దూరం నుంచి వచ్చినావా?"

"సారూ, మీకొక మాట చెప్పాల" అంది ఆమె, నిలబడే.

"చెబుదువు గానీ, ముందర అది చెప్పు." ఆయన దగ్గి, ఊపిరి తీసుకున్నాడు. "ఆదినారాయణకు ఎంతొచ్చింది ఈ తూరి? వారం నుంచి రూతును అడుగుతాండా. చెప్పదు."

జయలక్ష్మమ్మ నోరు తెరిచింది. అంకె రాలేదు.

ఆమెకు తెలియదు. ఆ రోజు యాభై ఎనిమిది అని చెవినబడగానే భర్తను లాక్కుని బస్టాండుకు పరుగెత్తింది. ఆయన గొట్టం ఒకటి పక్కనే ఉందనీ, అందులోనూ నెత్తురు దిగిందనీ, దానికీ ఒక లెక్క ఉంటుందనీ ఈ వారమంతా ఆమెకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. కడుపు నిండా తిన్నది, కంటి నిండా నిద్రపోయింది. 

వెనక్కి తిరిగింది.

"రూతమ్మా, నువ్వు ఆడ్నే ఉంటివి గదా. మా ఆయనది కూడా చదివింటాడు గదా కరుణాకర్. ఎంతొచ్చింది?"

రూతు గుమ్మం దగ్గరే ఉంది. సంచి ఇంకా కింద పెట్టలేదు. ఆ అంకె తెలిసే ఆళ్లగడ్డకు వచ్చింది. తెలిసే చాపమీద కూర్చుంది, పేము కుర్చీలో కూర్చుంది, బస్సులో భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఎక్కడా పెదవి విప్పలేదు.

చెడ్డ కబురైతే ముఖంలో జాలి ఉండాలి. జయలక్ష్మమ్మ భయపడుతూనే ఆ జాలి కోసం వెతికింది. రూతు కళ్ళెత్తి ఆమెను చూసింది. ఆ చూపులో జాలి లేదు. పచ్చిగా, ఓర్వలేనితనం ఉంది. దాన్ని జయలక్ష్మమ్మ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఇన్ని నెలలూ తాను రూతును చూసిన చూపు అదే.

"చెప్పు రూతూ" అన్నాడు యోహాను మంచంమీదినుంచి. "ఎంతొచ్చింది?"

రూతు పెదవులు బిగించుకుని, ముఖం అటు తిప్పుకుంది.